లైనక్సు ప్యాకేజీలలో ధ్వని మున్నేర్పాట్లు

గడచిన విద్యాసంవత్సరమున మా పాఠశాల కంప్యూటరు గదిలో రెండు చిన్న సంగతులు జరిగినవి. చిన్నవే యైనను, వానినిగూర్చి యాలోచించినకొలదియు నవి మాకు పెద్దవిగా దోచినవి. ఆ యాలోచనయే యీ వ్యాసమునకు మూలము.

మొదటిది. ఆఱవ తరగతి బాలిక యొకతె ఇంగ్లీషు పాఠము వినుటకై హెడ్‌ఫోను చెవులకు దగిలించుకొని, తెరమీది బొమ్మను నొక్కినది. మఱుక్షణమున కెవ్వున కేకవైచి హెడ్‌ఫోనును బల్లపై బడవైచినది. సాయంకాలము బడి విడుచువఱకును ఆమె కుడిచెవిలో గింగురుమను మ్రోత తగ్గలేదు.

రెండవది. తొమ్మిదవ తరగతిలో దృష్టిలేని విద్యార్థి యొకడు గలడు. తెరమీది యక్షరములను చదివి వినిపించు సాధనము నాధారము చేసికొని యతడు కంప్యూటరును మాకంటె వేగముగా నడుపును. ఒకనాడు మేము యంత్రములను మార్చి యమర్చిన పిమ్మట, అతడు క్రొత్త యంత్రము ముందు కూర్చుండి, గంట కొట్టువఱకును చేతులు మీటలపై నుంచుకొని యూరకుండెను. ఏమి నాయనా యని యడుగగా, "కంప్యూటరు ఇంకా వెలగలేదేమో అనుకొన్నానండి, మాస్టారూ" అని బదులు చెప్పెను. కంప్యూటరు వెలుగుచునే యున్నది. తెరపై నక్షరములును గలవు. మాట మాత్రము లేదు.

ఒకరికి ధ్వని యధికమై బాధించినది. మఱియొకరికి ధ్వని లేకయే బాధించినది. ఈ రెంటియందును బిడ్డలు చేసిన తప్పేమియు లేదు. వారు ఏ యేర్పాటును మార్చలేదు. వారికంటె ముందుగా నెవరో యేర్పఱచిన దానినే వారనుభవించిరి. ఆ "ఎవరో" అను వారిలో మేమును నొకరమని పిమ్మట దెలిసినది. కావున లైనక్సు యంత్రములలో ధ్వనికి సంబంధించిన మొదటి యేర్పాట్లు ఎట్లుండవలయునో, ఏల యట్లుండవలయునో, విద్యార్థులకు దెలియునట్లు వివరింప బూనుకొన్నాము.

1. మున్నేర్పాటు అననేమి?

కంప్యూటరు పరిభాషలో "డిఫాల్టు" అను మాట యొకటి గలదు. వాడువారు ఏమియు గోరకున్నప్పుడు యంత్రము తనంతట దాను గైకొను విలువకు నది పేరు. దీనిని మేమీ వ్యాసమున మున్నేర్పాటు అని వ్యవహరింతుము.

ఇంటికి జుట్టము రాకమునుపే యొక మూల చాప పఱచి, ప్రక్కను మంచినీళ్ల చెంబు నుంచుట మన కలవాటు గదా. చుట్టమునకు మఱియొక మూల గావలసినచో చాపను జరుపుకొనవచ్చును, ఎవరును వలదనరు. అయినను పెక్కుమంది చుట్టములు చాప యున్నచోటనే కూర్చుందురు. కొందఱు మొగమాటముచేతను, కొందఱు జరుపవచ్చునని తెలియకయు, కొందఱు జరుపు శక్తి లేకయు నట్లు చేయుదురు. కావున చాప యెక్కడ బఱచుదుమను నది స్వల్పవిషయము గాదు. మున్నేర్పాటు కూడ నట్టిదే. అది తాము నిర్ణయించుకొనని వారి కొఱకు ఇతరులు చేయు నిర్ణయము.

2. నిర్ణయించువారెవరు?

1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు హెల్సింకి నగరమున విద్యార్థిగా నుండిన లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన కెర్నెలునకు లైనక్సు అని పేరు. యంత్రభాగములకును కార్యక్రమములకును నడుమ నుండి పని జరిపించునది కెర్నెలు. దానికి వేలకొలది కార్యక్రమములను జేర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు కూర్చి, జనులకందిచ్చు సంస్థలు, సమూహములు పెక్కు గలవు. 1993లో నారంభమైన డెబియను, 2003లో నారంభమైన ఫెడోరా, 2004లో నారంభమైన ఉబుంటు అట్టి కూర్పులు. ఈ కూర్పులయందు ఒక్కొక్క కార్యక్రమమును దానికి గావలసిన దస్త్రములతో గూడ మూటగట్టి యిత్తురు. ఆ మూటయే ప్యాకేజీ.

ఇందు నలుగురి చేతులున్నవి. కార్యక్రమమును వ్రాసినవాడు మొదటివాడు. దానిని మూటగట్టు కూర్పరి రెండవవాడు. యంత్రమును జూచుకొను నిర్వాహకుడు, అనగా మాబోటి ఉపాధ్యాయుడు, మూడవవాడు. దాని ముందు గూర్చుండు విద్యార్థి నాలుగవవాడు. వీరి యేర్పాట్లు వేఱువేఱు స్థలములలో నుండును. ధ్వనిని నడుపు పైపువైరు అను కార్యక్రమమునే చూడుడు. ప్యాకేజీతో వచ్చిన యేర్పాట్లు "యూఎస్ఆర్ షేర్" అను సంచయమున నుండును. నిర్వాహకుని మార్పులు "ఈటీసీ" అను సంచయమున నుండును. విద్యార్థి మార్పులు అతని సొంత సంచయమున నుండును. వెనుకటి దానిని ముందటిది త్రోసిపుచ్చుచుండును: నిర్వాహకుని మాట ప్యాకేజీ మాటను, విద్యార్థి మాట నిర్వాహకుని మాటను మించును.

కావున నిర్వాహకులెవ్వరును ప్యాకేజీ సంచయములోని దస్త్రమును దిద్దరాదు. తరువాతి నవీకరణము వచ్చినప్పుడు ఆ దిద్దుబాటు కొట్టుకొనిపోవును. ఈటీసీలో వ్రాసినది నిలుచును. నవీకరించునప్పుడు నిర్వాహకుడు చేసికొన్న మార్పులను ప్యాకేజీ కాపాడి తీరవలెనని డెబియను నియమావళి శాసించుచున్నది.

3. ధ్వని నడచు దారి

మున్నేర్పాట్ల మంచిచెడ్డలు తెలియవలెనన్న ముందుగా ధ్వని యే దారిని వచ్చుచున్నదో తెలిసికొనవలెను.

1992లో ఫిన్లాండు వాడగు హన్ను సవోలైనెన్ లైనక్సునకు ధ్వని డ్రైవరులను గూర్చెను. పిమ్మట ఓఎస్ఎస్ అని ప్రసిద్ధమైనది ఇదియే. ఆ పద్ధతిలో సామాన్యమైన కార్డుపై ఒక సమయమున ఒక కార్యక్రమమే పలుకగలిగెడిది. 1998లో యారోస్లావ్ కిసెలా ఆల్సా అను క్రొత్త పద్ధతి నారంభించెను. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెలున నది ప్రధానపద్ధతి యయ్యెను. పలు కార్యక్రమముల ధ్వనులను గలుపుటకు ఆల్సాలో "డీమిక్సు" అను సాధనము గలదు.

ఆల్సాపైన ధ్వనిసేవకుడు అను మఱియొక యంతరువు వచ్చెను. 2004లో లెన్నార్ట్ పోటరింగ్ ప్రారంభించిన పల్సుఆడియో 2007 నవంబరులో వెలువడిన ఫెడోరా 8లోను, 2008 ఏప్రిలున వెలువడిన ఉబుంటు 8.04లోను మున్నేర్పాటుగా స్థానము పొందెను. పిదప విమ్ టైమన్స్ నిర్మించిన పైపువైరు 2021లో ఫెడోరా 34లోను, 2022లో ఉబుంటు 22.10లోను ఆ స్థానమును గైకొనెను. 2023లో వెలువడిన డెబియను 12, గ్నోము తెరయమరికతో, దీనినే స్వీకరించెను. పైపువైరునకు తోడుగా నుండి, ఏ కార్యక్రమమును ఏ స్పీకరునకు గలుపవలెనో నిర్ణయించునది వైర్‌ప్లంబరు.

నేటి దారి యిది: కార్యక్రమము ధ్వనిసేవకునకిచ్చును, సేవకుడు ఆల్సాకిచ్చును, ఆల్సా కార్డునకిచ్చును, కార్డు స్పీకరునకిచ్చును. ఈ దారిలో నే యొక్క మెట్టు తప్పినను చెవికి జేరునది శూన్యమే.

4. కార్డు సంఖ్యను వ్రాయరాదు

ఇక మొదటి నియమము. ప్యాకేజీలోని కార్యక్రమము తన ధ్వనిని "డిఫాల్టు" అను పేరుగల ద్వారమునకే పంపవలెను గాని, "సున్న సంఖ్యగల కార్డు" అని నేరుగా జెప్పరాదు. ఇందునకు మూడు కారణములు గలవు.

మొదటిది, కార్డుల సంఖ్య స్థిరము గాదు. ఒక యూఎస్‌బీ హెడ్‌ఫోను చేర్చినంతనే, లేక డ్రైవరులు వేఱు వరుసలో మేల్కొన్నంతనే, నిన్నటి సున్న నేడు ఒకటి కావచ్చును. రెండవది, పెక్కు యంత్రములలో తెరకు బోవు హెచ్‌డీఎంఐ తీగకును ఒక ధ్వనికార్డు సంఖ్య యుండును. ఆ తెరకు స్పీకరు లేకున్నను యంత్రము దానికి ధ్వనిని బంపుచునే యుండును. తప్పు జరిగినట్లు ఎక్కడను సూచన కనబడదు. మూడవది, కార్డును నేరుగా బట్టుకొన్న కార్యక్రమము దానిని తన కొక్కదానికే యుంచుకొనవచ్చును; అప్పుడు మిగిలిన కార్యక్రమములు మూగవోవును.

మా దృష్టిలేని విద్యార్థికి జరిగినది ఇదియే. పాతయంత్రములో బాగుగా నడచిన యేర్పాటును మేము యథాతథముగా క్రొత్త యంత్రమునకు దెచ్చితిమి. అందు కార్డు సంఖ్య సున్న యని వ్రాసియుండెను. క్రొత్త యంత్రమున సున్న యనగా తెర. ఆ తెరకు నోరు లేదు. కనులున్నవారు వెంటనే ధ్వని పట్టిక తెఱచి చూచుకొందురు. అతనికి ఆ పట్టికను చూపవలసిన కన్ను చెవియే. చెవికి దారి మూసివేసి, దారిని దిద్దుకొమ్మని చెప్పిన ట్లయినది.

5. క్షణమునకు నెన్ని నమూనాలు?

ధ్వని గాలిలో నల. దానిని కంప్యూటరున నిలుపుటకు ఆ యల యెత్తును సెకనుకు వేలకొలది పర్యాయములు కొలిచి యంకెలుగా వ్రాసికొందురు. ఒక్కొక్క కొలతకు నమూనా యని పేరు. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కంపనములవఱకు వినగలదు. ఒక కంపనమును సరిగా బట్టుటకు కనీసము రెండు నమూనాలకు మించి యుండవలెను. కావున 40,000నకు పైబడిన సంఖ్య యేదైనను మన చెవికి జాలును.

1982లో అంగడికి వచ్చిన కాంపాక్ట్ డిస్కు 44,100 నమూనాలను గైకొన్నది. చలనచిత్రములతోడి ధ్వనికి 48,000 వాడుకలోనికి వచ్చినది. పల్సుఆడియో మున్నేర్పాటు 44,100. పైపువైరు మున్నేర్పాటు 48,000. డిస్కునుండి వచ్చిన పాటను 48,000 వేగమున బలికింపవలెనన్న ప్రతి 147 నమూనాలకు మాఱుగా 160 నమూనాలను లెక్కించి కల్పింపవలెను. (రెండు సంఖ్యలను 300 చేత భాగించి చూడుడు.) ఈ లెక్క యంత్రము సులువుగా జేయగలదు.

అట్లయిన 1,92,000 నమూనాలను మున్నేర్పాటుగా నుంచిన నింకను మేలు గదా యని కొందఱు విద్యార్థులడిగిరి. కాదు. చెవి వినలేని దానిని కొలిచినందున వినువానికి గలుగు లాభము లేదు. కాని యంత్రము నాలుగింతల యంకెలను మోయవలెను. పాతయంత్రమైనచో నలసి తొట్రుపడును. సంఖ్య పెద్దదైనంతనే మేలు గాదు. పనికి జాలినదే మేలు.

6. కుండ యెంత పెద్దదిగా నుండవలెను?

కంప్యూటరు ధ్వనిని నమూనా వెంబడి నమూనాగా గాక గుంపులుగా బంపును. ఆ గుంపును నిలువయుంచు చోటునకు బఫరు అని పేరు. దానిని నీటికుండగా భావింపుడు. ఒకవైపు మనము చెంబుతో ముంచుకొనుచుందుము. మఱియొకవైపు బావినుండి తెచ్చి పోయుచుందురు. కుండ చిన్నదైనచో మాటిమాటికి బావికి బోవలెను. పోయువాడు కొంచె మాలసించినను కుండ యొట్టిపోవును. ధ్వనియందట్లు జరిగినప్పుడు పాట తెగి టపటపమను చప్పుడు వినవచ్చును. కుండ పెద్దదైనచో నా భయము లేదు. కాని నేడు పోసిన నీరు చాలసేపటికి గాని చెంబులోనికి రాదు. అనగా మీట నొక్కిన చాలసేపటికి గాని స్వరము పలుకదు.

పైపువైరు మున్నేర్పాటు గుంపునకు 1,024 నమూనాలు. దీనిని 48,000 చేత భాగించినచో నించుమించు 0.0213 సెకను వచ్చును. ఇది యెంత? గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటరులు నడచును. 0.0213 సెకనులో సుమారు 7.3 మీటరులు నడచును. అనగా, నల్లబల్లయొద్ద నిలిచిన ఉపాధ్యాయుని మాట కడపటి బల్లను జేరుటకు బట్టు కాలము. కడపటి బల్లవారు మా మాట ఆలస్యముగా వచ్చుచున్నదని యెన్నడును ఫిర్యాదు చేయలేదు. కావున పాఠము వినుటకును, చిత్రము చూచుటకును ఈ విలువ మిక్కిలి తగినది.

కాని కంప్యూటరుపై వాద్యము వాయించువానికి నిది యెక్కువ. అతనికి 128 నమూనాల గుంపు, అనగా 0.0027 సెకను, కావలసియుండును. అందఱికొఱకును కుండను చిన్నది చేయవలెనా? అక్కఱలేదు. పైపువైరునందు అట్టి కార్యక్రమము తనకు గావలసిన చిన్నగుంపును తానే కోరుకొనవచ్చును. అది నడచుచున్నంతసేపు సేవకుడు చిన్నకుండతో నడచి, ముగిసినంతనే మరల పెద్దదానికి వచ్చును. ఇందు మంచి నీతి గలదు: మున్నేర్పాటు సామాన్యుని కొఱకు, విశేషమైన పని గలవానికి అడిగి తీసికొను దారి యుండవలెను.

7. ఎంత గట్టిగా?

ఇక ముఖ్యవిషయమునకు వచ్చితిమి. తక్కిన యేర్పాట్లలో తప్పు జరిగినచో పాట చెడును. ఇందు తప్పు జరిగినచో చెవి చెడును.

ధ్వనిబలమును డెసిబెలులలో గొలుతురు. మూడు డెసిబెలులు హెచ్చినచో శక్తి సుమారు రెండింతలగును. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమును గలిసి వెలువరించిన ప్రమాణము ననుసరించి, పెద్దలు 80 డెసిబెలుల ధ్వనిని వారమునకు 40 గంటలవఱకు వినవచ్చును; పిల్లలకు 75 డెసిబెలులు, 40 గంటలు మేర. మూడేసి డెసిబెలులు పెరిగినకొలది వినదగిన కాలము సగమగుచుండును.

ఒక హెడ్‌ఫోను పూర్తిబలమున 99 డెసిబెలులు పలుకునని యనుకొందము. 75నుండి 99కి 24. అనగా మూడుచొప్పున ఎనిమిది మెట్లు. 40 గంటలనగా 2,400 నిమిషములు. దీనిని ఎనిమిది పర్యాయములు సగము చేయగా 9 నిమిషములకు గొంచె మెక్కువ మిగులును. వారమంతకును ఆ బిడ్డ వినదగినది తొమ్మిది నిమిషములే! ఒక పాఠము ముగియకమునుపే వారపు మేర తీఱిపోవును.

క్రొత్తగా గనుగొన్న స్పీకరునకు వైర్‌ప్లంబరు ఇచ్చు మున్నేర్పాటు నూటికి 40. తెరమీద 40 అని కనబడినను అల యెత్తు నూటికి నలువది గాదు. మన చెవి బలమును గ్రహించు తీరునకు దగునట్లు ఆ సంఖ్యను ఘనము చేయుదురు: 0.4 × 0.4 × 0.4 = 0.064. డెసిబెలులలో నిది పూర్తిబలమునకు సుమారు 24 తక్కువ. మన హెడ్‌ఫోనునందు 99నుండి 24 తీసివేయగా 75. తొమ్మిది నిమిషములు గాక నలువది గంటలు! ఒక్క మున్నేర్పాటున నింత భేద మున్నది.

నలువది చాలదు, కొన్ని లాప్‌టాపుల స్పీకరులు బొత్తిగా వినబడవు, అని యాక్షేపింప వచ్చును. నిజమే. అయితే రెండు తప్పులను తూచి చూడవలెను. ధ్వని తక్కువైనచో వినువాడు మీట నొక్కి పెంచుకొనును. నష్టము రెండు క్షణముల కాలము. ధ్వని యెక్కువైనచో తగ్గించుకొనులోపలనే చెవికి దెబ్బ తగులును. మొదటి తప్పు దిద్దుకొనదగినది; రెండవది దిద్దుకొనరానిది. ఏ మున్నేర్పాటును నిర్ణయించునప్పుడైనను ఈ తూనికయే ప్రధానమని మా యభిప్రాయము.

ఇందునకు పూర్వనిదర్శన మొకటి గలదు. 2009లో పల్సుఆడియోయందు "ఫ్లాట్ వాల్యూము" అను పద్ధతి వచ్చెను. అందు యంత్రముయొక్క బలము అన్నిటికంటె గట్టిగా పలుకు కార్యక్రమముననుసరించి పోవును. కావున నొక కార్యక్రమము తన బలమును నూటికి నూఱు చేసికొన్నచో యంత్రమంతయు నూఱునకు లేచును. వ్రాసినవారి యుద్దేశము వేఱు. అనేకములగు మీటలకు మాఱుగా ఒక్కటి యుండవలెనని వారి తలంపు. కాని హఠాత్తుగా చెవులు పగులునట్లు పలుకుచున్నదని వాడువారు మొఱపెట్టిరి. ఉబుంటు, ఆర్చ్ మొదలగు కూర్పులవారు తమ ప్యాకేజీలలో దానిని నిలిపివేసిరి. వ్రాసినవాని మున్నేర్పాటును కూర్పరి జనహితమునకై దిద్దుట యనగా నిదియే.

8. మూగతనమును దోషమే

అట్లయిన మొదట ధ్వనిని బొత్తిగా నాపియుంచుటయే క్షేమము గదా? ఆల్సా తొలినాళ్ల పద్ధతి యదియే. క్రొత్తగా నమర్చిన యంత్రమున అన్ని ద్వారములును మూసియుండెడివి. వాడువాడు అల్సామిక్సరు అను పట్టిక తెఱచి చేతితో దెఱచుకొనవలసియుండెను. కన్నులున్న నేర్పరికి నది చిన్నపని. కన్నులులేని వానికి నది మూసిన తలుపు. తాళపుచెవి లోపలనే యున్నది.

డెబియను స్థాపకసాధనము దీనిని చక్కగా బరిష్కరించినది. దాని మొదటిపట్టిక సిద్ధమైనప్పుడు యంత్రము "బీప్" అని పలుకును. అప్పుడు "ఎస్" అను మీటయు, పిమ్మట ఎంటరు మీటయు నొక్కినచో తరువాతి ప్రశ్నలన్నియు మాటలుగా వినిపించును. యంత్రమున రెండు మూడు ధ్వనికార్డులున్నచో, కావలసిన కార్డునుండి మాట వినబడినప్పుడు ఎంటరు నొక్కుమనును. ప్రశ్నను చెవికే వేసి చెవినుండియే బదులు గైకొనుట యెంత తెలివైన మార్గము!

మఱియొక సూక్ష్మము. విద్యార్థి తన సొంత సంచయమున వ్రాసికొన్న యేర్పాట్లు అతడు లోనికి బ్రవేశించిన పిమ్మటనే యమలునకు వచ్చును. పేరు, రహస్యపదము అడుగు తొలితెరయొద్ద అవి పనిచేయవు; అక్కడ మాటాడునది ప్యాకేజీయు, నిర్వాహకుడును మాత్రమే. కావున "ఎవరి కిష్టమైనట్లు వారు మార్చుకొందురులే" యని నిర్వాహకుడు చేతులు దులుపుకొనరాదు. గుమ్మమునొద్ద దీపము పెట్టవలసినది యింటివాడే. గ్నోమునందు సూపరు, ఆల్టు, ఎస్ అను మూడు మీటల నొక్కుమ్మడి నొక్కినచో ఓర్కా యను చదువరి మేల్కొనును. ఈస్పీక్ ఎన్జీ యను గొంతు తెలుగును గూడ బలుకును. ఇవి యన్నియు నున్నను ధ్వనిద్వారము మూసియున్నచో నిష్ఫలములు.

కావున నియమము: మూగయు గారాదు, కేకయు గారాదు. తక్కువబలమున దెఱచియుండవలెను.

9. మైకును, అనుమతులును

వినుట యొకటి, వినబడుట యొకటి. మైకు తెఱచియుండుట మఱియొక బాధ్యత. పూర్వము ధ్వని పనిచేయనిచో "వాడువానిని ఆడియో గుంపులో జేర్చుడు" అని సలహా చెప్పెడివారు. ఆ గుంపులోనివాడు యంత్రముముందు లేకున్నను, దూరమునుండి లోనికి వచ్చినను, మైకును దెఱచి గదిలోని మాటలను వినగలడు. నేటి కూర్పులలో యంత్రము ముందు గూర్చుండి ప్రవేశించినవానికే ఆ యనుమతి తాత్కాలికముగా నిచ్చు పద్ధతి గలదు. అట్టిచోట పాతసలహా ననుసరించుట యనవసరము, అపాయకరము. పని జరుగుటకు గావలసినంత యనుమతియే చాలును.

10. మా గదిలో మేము చేసినది

ఆఱవ తరగతి బాలిక సంగతిని విచారింపగా దోషము మాదని తేలినది. సౌకర్యమునకై మేము అన్ని తరగతులకును ఒకే ప్రవేశనామమును బెట్టితిమి. వైర్‌ప్లంబరు ఒక్కొక్క ప్రవేశనామమునకు కడపట నుంచిన బలమును జ్ఞాపకముంచుకొనును. ఒక్కరి సొంతయంత్రమున నది మేలే. కాని ముందుగంటలో పెద్దపిల్లలు స్పీకరుపై పాట పెట్టి నూటికి నూఱు చేసిపోయిరి. తరువాతిగంటలో ఆ జ్ఞాపకమే పసిబిడ్డ చెవిలో బడినది. పలువురు వాడు యంత్రమున నొకరి కడపటి కోరిక మఱియొకరి మున్నేర్పాటగును.

కావున మేము ఈ మార్పులు చేసితిమి. ఈటీసీలో నొక చిన్నదస్త్రము వ్రాసి, బలమును జ్ఞాపకముంచుకొను పద్ధతిని నిలిపివేసి, ప్రతి పర్యాయమును తక్కువబలముతోనే మొదలగునట్లు చేసితిమి. కార్యక్రమముల యేర్పాట్లలో కార్డు సంఖ్యలున్నచోట్ల దుడిచి "డిఫాల్టు" అని వ్రాసితిమి. నమూనాల వేగమును, గుంపు పరిమాణమును ముట్టుకొనలేదు. అవి బాగుగనే యున్నవి. దృష్టిలేని విద్యార్థికి వేఱు ప్రవేశనామ మిచ్చి, అతని బలమును, అతని గొంతును అతడే యుంచుకొనునట్లు చేసితిమి. తొలితెరయొద్ద చదువరి పలుకుచున్నదా లేదా యని యతనిచేతనే పరీక్షింపజేసితిమి. ఏలయనగా ఆ పరీక్షను మా కనులు చేయలేవు. అతడు కనులకు గనబడని రెండు లోపములను చూపెను, వానినిగూడ దిద్దితిమి.

విద్యార్థులారా! మీలో గొందఱు ముందుముందు కార్యక్రమములు వ్రాయుదురు. గొందఱు ప్యాకేజీలు కట్టుదురు. గొందఱు ఆఫీసులలోను, ఆస్పత్రులలోను యంత్రములను జూచుకొందురు. అప్పుడు మీరు నింపక విడిచిన ప్రతి గడియందును ఏదో యొక విలువ యుండియే తీరును. దానిని నిర్ణయించునప్పుడు నేర్పరిని దలపవలదు, అతడు మార్చుకొనగలడు. మార్చుకొనలేని వానిని దలపుడు. చేతులు మీటలపై నుంచుకొని గంటసేపు నిశ్శబ్దముగా నెదురుచూచిన మా విద్యార్థి ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు చేయని వారి కొఱకే మున్నేర్పాటు.

అభ్యాసము

1. గుంపునకు 256 నమూనాలు, వేగము 48,000. కాలమెంత? అంతలో ధ్వని గాలిలో నెంతదూరము నడచును?

2. బలము నూటికి 50 అని తెరపై నున్నచో ఘనపద్ధతిలో అల యెత్తు ఎంత?

3. పిల్లలు 84 డెసిబెలుల ధ్వనిని వారమున కెన్ని గంటలు వినవచ్చును?

4. కార్డు సంఖ్యను నేరుగా వ్రాయరాదనుటకు కారణములు మూడింటిని మీ మాటలలో వ్రాయుడు.

5. మీ యింటనున్న యే పరికరమునైనను దీసికొని, అందలి మున్నేర్పాటు నొకదానిని గుర్తించి, అది యెవరికి మేలో, ఎవరికి గీడో విచారింపుడు.